దివ్యంగా ఉన్న ఒకే ఒక్కడు

ఇకమీదట ఈ రాష్ట్రంలో కాలికి కట్టు కట్టే చోటే మనసుకూ కట్టు కడతారని, జ్వరం చూసే చేత్తోనే దిగులునూ చూస్తారని, ఇందుకోసం ప్రజలు ఒక్క అడుగు కూడా అదనంగా నడవాల్సిన పని లేదని ఆరోగ్య ఆనంద శాఖ మంత్రిగారు తిరుపతి సభలో ప్రకటించారు. ప్రకటించి, చప్పట్ల కోసం ఆగారు. కొట్టాల్సినవాళ్ళు పులిహోర పొట్లాలు విప్పుకుంటూ ఉండటం వల్ల చప్పట్లు కొంచెం ఆలస్యమయ్యాయి గానీ, వచ్చాక బాగానే వచ్చాయి.

మంత్రిగారు మామూలు మనిషి కాదు. వెనక సాగునీటి శాఖలో ఉన్నప్పుడు నీళ్ళు లేని చెరువును ఎంత ఘనంగా ప్రారంభించారంటే, ఆ మాట నమ్మి ఎక్కడినుంచో బాతులు వచ్చి, ఈదడానికి చోటు లేక, నడుచుకుంటూ తిరిగి వెళ్ళాయని చెబుతారు. అంతటివాడు మనసు మీద పడ్డాడంటే ఇక మనసు తప్పించుకోలేదని అందరూ అనుకున్నారు. మాట్లాడినంతసేపూ ఆయన మధ్యమధ్య ఫోను చూసుకుంటూనే ఉన్నారు. చూసిన ప్రతిసారీ ఇంకాస్త నవ్వారు.

ఆ సభలో పులిహోర పొట్లం విప్పకుండా విన్న మనిషి ఒక్కతే ఉంది. కుప్పమ్మ. బంగారుపాళ్యం పక్కన తుమ్మగుంటపల్లె నుంచి పార్టీవాళ్ళ బస్సులో వచ్చింది. మనసుకు కట్టు అన్న మాట దగ్గర ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మేయ్ మోహనా, మన ఊరాసుపత్రిలో గూడా కడతారంటనా?" అని పక్కనున్న ఆశా కార్యకర్తను అడిగింది.

"అన్ని ఊర్లలో అంట అత్తా. ఎవురికి కట్టల్ల?"

"మీ మామకు."

మోహన నవ్వింది. "మామకేమత్తా? ఊరంతటికీ బాగుండేది ఆయప్పొక్కడే గదా."

అదే కుప్పమ్మ బాధ.

ఆమె మొగుడు మునిస్వామి ఒకప్పుడు నోరు తెరిస్తే ఫిర్యాదే. ఎండ కాస్తే ఎండను, కాయకపోతే మబ్బును తిట్టేవాడు. పెళ్ళికి వెళితే పాయసం పలుచనైందనేవాడు, చావుకు వెళితే పాడె వంకరగా కట్టారనేవాడు. కొండకు వెళ్ళి, క్యూలో అంతసేపు నిలబెట్టినందుకు సాక్షాత్తూ స్వామికే చెప్పి వచ్చాడు. స్వామి ఏమీ అనలేదు గానీ, దిగివచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందట.

అలాంటివాడు పోయిన మామిడికాయల కాలంలో తోతాపురి కాయలు ట్రాక్టరుకెత్తుకుని గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. చాలా రోజులు గేటు ముందు వరసలో ఉండి, ఖాళీ ట్రాక్టరుతో తిరిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. ఏమైందయ్యా అని కుప్పమ్మ అడిగితే, "నాకేం, దివ్యంగా ఉండాను" అన్నాడు. ఆనాటి నుంచి ఆ మాట తప్ప వేరే మాట లేదు. తిట్టడం మానేశాడు. పడుకుంటాడు గానీ కళ్ళు తెరిచే ఉంటాయి. కుప్పమ్మ పరీక్ష చేద్దామని ఒక పూట పప్పులో ఉప్పు వేయలేదు. సంగటిలో కలుపుకుని అంతా తిన్నాడు. "ఎట్లుండాదయ్యా?" అంటే, "దివ్యంగా ఉండాది" అన్నాడు. ఆ రోజు కుప్పమ్మ పెరట్లోకి పోయి ఏడ్చింది.

సభ జరిగిన వారానికే మంత్రిగారి పథకం తుమ్మగుంటపల్లెకు చేరింది. మనుషులను ఎలా ఉన్నారని అడగాలి. బాగున్నానంటే ఫోనులో ఆకుపచ్చ మీట, బాగాలేనంటే ఎర్ర మీట నొక్కాలి. ఎర్రవాళ్ళకు ఆసుపత్రిలో మనసు వైద్యం. ఇంత సులువైన పథకం ప్రపంచంలో ఇంకెక్కడా లేదని ప్రత్యేకాధికారి కృష్ణస్వామిగారు చెప్పారు. అది నిజమే.

అయితే ఆ పల్లెల్లో బాగున్నానని నోటితో చెప్పే అలవాటు లేదు. చెబితే దిష్టి. పూర్వం ఒకాయన పొరపాటున "బాగుండాను" అన్నాడట. సాయంత్రానికి ఆయన గేదె బావిలో పడింది. దాన్ని తీయబోయి ఆయన, ఆయన్ని తీయబోయి బావమరిది పడ్డారు. పైకి లాగినాక ఎట్లుండారని అడిగితే ఇద్దరూ "ఏదో ఉండాము" అన్నారని, గేదె కూడా తలాడించిందని చెప్పుకుంటారు. అప్పటినుంచి ఎవరూ ఆ తప్పు చేయలేదు. రుక్మిణమ్మ మనవరాలికి యూనివర్సిటీలో బంగారు పతకం వస్తే, అడిగినవాళ్ళకు ఆమె, "ఏదో పాసయిందిలే" అని చెప్పింది.

మోహన ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఇల్లిల్లూ, "ఏదో అట్లా ఉండాము" అంది. ఫోనులో "ఏదో"కు మీట లేదు. మోహన కృష్ణస్వామిగారికి ఫోను చేసింది.

"బాగున్నామని అనలేదు కదా?" అన్నారాయన.

"అనలేదు సార్. అనరు సార్."

"అయితే బాగాలేనట్టే. బైనరీ అమ్మా, బైనరీ."

మండలమంతా ఎర్రబడింది. మునిస్వామి ఇంటి దగ్గర మాత్రం మోహన నోరు తెరవకముందే, "నాకేం పాపా, దివ్యంగా ఉండాను" అని వినిపించింది. మోహన ఆకుపచ్చ మీట నొక్కింది. కుప్పమ్మ వెనకనుంచి వద్దు వద్దని చెయ్యి ఊపింది గానీ, చెయ్యి ఊపడానికి కూడా ఫోనులో మీట లేదు.

మర్నాడే కుప్పమ్మ ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు గది ముందు కొత్తగా ఇంకో గది వెలిసింది. తలుపు మీద "మీ మనసు, మా బాధ్యత" అని బోర్డు, దాని పక్కన మంత్రిగారి నవ్వు. ఎర్రవాళ్ళెవరైనా సరే, దేనికి వచ్చినా సరే, ఈ గదిలోంచి వెళితేనే డాక్టరు. లోపల నందిత అనే కౌన్సిలరు ఉంది. తిరుపతిలో మనస్తత్వశాస్త్రం చదివిన పిల్ల. మండలానికంతటికీ ఒక్కతే. ఆమె ఎదురుగా ట్యాబు, ట్యాబులో ప్రశ్నలు, ప్రశ్నలు దాటిపోకుండా పక్కన కృష్ణస్వామిగారు.

గోపీ అనే మెకానిక్కును పిక్క మీద కుక్క కరిచింది. రక్తం కారుతున్న కాలితో కుర్చీలో కూర్చున్నాడు.

"కరిచినప్పుడు మీకేమనిపించింది?" అని నందిత ట్యాబులో చూసి అడిగింది. అడగడానికి ఆమెకే సిగ్గుగా ఉంది.

"నొప్పనిపించిందమ్మా."

"ఆ కుక్క మీద ఇప్పుడు మీకెలాంటి భావం ఉంది?"

"దాని మీద ఏముంటాదమ్మా, నోరు లేని జీవం. అది మా ఎదురింటోళ్ళది. ఉంటే వాళ్ళ మీదనే ఉండాది."

"చూశారా, రూట్ కాజ్ దొరికింది," అని కృష్ణస్వామిగారు సంబరపడ్డారు. "ఇంజెక్షన్‌తో ఇది దొరికేదా?"

ఇంజెక్షను దొరికేసరికి గోపీకి ఎదురింటివాళ్ళతో పాటు ఇంకా చాలామంది మీద భావాలు ఏర్పడ్డాయి.

కుప్పమ్మ వంతు వచ్చింది. "మా ఇంటాయనను రవంత సూడాలమ్మా," అంది.

కృష్ణస్వామిగారు ఫోనులో పేరు కొట్టి చూశారు. "మునిస్వామి గ్రీన్. గ్రీన్‌కు టోకెన్ రాదు."

"ఆయప్పకు ఉప్పు తెలీడం లేదు సార్."

"అది జనరల్ ఓపీ."

"నిద్ర పోడం లేదు సార్."

"అదీ జనరల్ ఓపీనే."

"ఎవురినీ తిట్టడం లేదు సార్."

కృష్ణస్వామిగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "అది ప్రాబ్లమ్ కాదమ్మా. అచీవ్‌మెంట్."

నందిత మాత్రం కుప్పమ్మ ముఖంలోకి చూసింది. ఇంటికి వెళ్ళి చూడనా అని అధికారిని అడిగింది. ఇంటికి వెళ్ళడం మాడ్యూల్‌లో లేదని ఆయన చెప్పారు. బయట కుక్క కాట్లు, కీళ్ళ నొప్పులు, ఒక గర్భిణి, అందరూ ఎర్రవాళ్ళే, గుమ్మం దాకా నిలబడి ఉన్నారు.

ఇంటికి వచ్చి కుప్పమ్మ మొగుణ్ణి బతిమాలుకుంది. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏదో ఉండానని అనరాదా అయ్యా?"

"అబద్ధమెందుకే? నాకేం, దివ్యంగా ఉండాను," అని మునిస్వామి మామిడితోట వైపు చూస్తూ నవ్వాడు. ఆ నవ్వు పెదవులకు తగిలించినట్టుంటుంది, వెనక మనిషి ఉండడు. కుప్పమ్మ ఆ నవ్వును ఇప్పుడు చీకట్లో కూడా గుర్తుపట్టగలదు.

ఈలోగా పథకం దిగ్విజయమైంది. రాష్ట్రంలో ఎక్కడా దొరకనంత దిగులు ఈ ఒక్క మండలంలో కనిపెట్టినందుకు కృష్ణస్వామిగారికి శాలువా కప్పారు. ఆ ఫోటో పేపర్లో పడింది. అదే పేపర్లో కింద, ఈ ప్రభుత్వం వచ్చాకే మండలానికి మండలం మతి చలించిందని ప్రతిపక్షంవాళ్ళు పెట్టిన ప్రెస్‌మీట్ కూడా పడింది.

మంత్రిగారు వెంటనే ఫోను చేశారు. మంత్రివర్గం మార్పులుంటాయని, కొందరి కుర్చీలు పోతాయని అప్పటికే గుసగుసలు మొదలై ఉన్నాయి.

"నా శాఖ పేర్లోనే ఆనందం ఉంది కృష్ణస్వామీ. నీ మండలంలో యాడుంది?"

"ఉంది సార్. ఒకడి దగ్గర ఉంది."

"వాణ్ణి పట్టుకో. వచ్చే నెల నేనొచ్చేసరికి అందరికీ ఉండాల."

కృష్ణస్వామిగారు జీపు తీసుకుని తుమ్మగుంటపల్లెకు వచ్చి, మునిస్వామి చేతులు పట్టుకున్నారు. ఆ రోజు నుంచి మునిస్వామి "మాస్టర్ ట్రైనర్". ఫోటో తీసి, మీసం కాస్త దట్టంగా ఉంది, ఆనందానికి అడ్డొస్తోందని కంప్యూటర్లో తీసేసి, మంత్రిగారి పక్కన నిలబెట్టి, హైవే పక్కన ఇంటెత్తు ఫ్లెక్సీ కట్టారు. "ఆనంద రైతు మునిస్వామి" అని రాశారు. బాగా కనపడే చోటు కావాలని వెదికి, ఫ్యాక్టరీకి ఇవతల, రోడ్డు పక్క పల్లంలో కట్టారు. అక్కడ పోయిన ఏడు కుళ్ళిన టెంకలు మొలకెత్తి మోకాలెత్తు పెరిగి ఉన్నాయి.

జీపులో ముందు కృష్ణస్వామిగారు, మధ్యలో మునిస్వామి, నందిత, వెనక క్యారియరు పట్టుకుని కుప్పమ్మ. నేను పెడితే తప్ప ఆయప్ప తినడని చెప్పి ఆమె పట్టుబట్టి ఎక్కింది. పల్లె పల్లెకూ పోయి, మనుషులను కూర్చోబెట్టి, మునిస్వామిని నిలబెట్టేవాళ్ళు. "నాకేం, దివ్యంగా ఉండాను" అని ఆయన అనేవాడు. "ఏదీ, అందరూ అనండి" అని కృష్ణస్వామిగారు అనేవారు.

ఎవరూ అనలేదు.

"అంటే దిష్టి తగలదా సార్? తగిల్తే ఎవురు తీస్తారు?" అని భారతమ్మ అనే ముసలామె సూటిగా అడిగింది.

"ప్రభుత్వం తీస్తుంది," అన్నారు కృష్ణస్వామిగారు. అన్నాక ఆలోచించారు. గొప్ప అధికారులందరూ ఇలాగే చేస్తారు.

మర్నాడు ఫైలు కదిలింది. బూడిద గుమ్మడికాయలు, కర్పూరం, ఎండుమిరపకాయలు, కాటుక "మానసిక వైద్య సామగ్రి" కింద మంజూరయ్యాయి. అన్ని పల్లెల్లోనూ మనుషులు వరసలో నిలబడి, బుగ్గన నల్లచుక్క పెట్టించుకుని, "దివ్యంగా ఉండాను" అని గబుక్కున అనేసి, నర్సు చేత గుమ్మడికాయ తిప్పించుకుని వెళ్ళేవారు. నర్సులందరూ గుమ్మడికాయల దగ్గర ఉండటం వల్ల ఆసుపత్రిలో సూదులు పొడిచేవాళ్ళు లేకపోయారు. జ్వరాలు తగ్గుముఖం పట్టాయని నివేదిక వెళ్ళింది. చూసేవాళ్ళు లేకపోతే జ్వరం మాత్రం ఎంతకాలం కనబడుతుంది?

మంత్రిగారి సభకు ముందు రోజు జీపు హైవే మీద ఆగిపోయింది. మళ్ళీ కాయల కాలం. గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి తోతాపురి ట్రాక్టర్లు చివర కనపడనంత దూరం నిలబడి ఉన్నాయి. తన గుర్తింపు కార్డు చూపిస్తే అవన్నీ పక్కకు జరుగుతాయన్న నమ్మకంతో కృష్ణస్వామిగారు దిగి ముందుకు వెళ్ళారు.

ఎదురుగా ఉన్న ట్రాక్టరు తొట్టి సందుల్లోంచి రసం చుక్కలు చుక్కలుగా తారు మీద పడుతోంది. మునిస్వామి దాన్నే చూస్తున్నాడు. నందిత ట్యాబులో తర్వాతి ప్రశ్న కోసం వెదికింది. సిగ్నలు లేదు. అడగడానికి ప్రశ్న లేక ఊరికే కూర్చుంది.

"ఆ కాయ ఇంగ నిలవదు," అన్నాడు మునిస్వామి.

"ఊ," అంది నందిత.

"రసం కారిందంటే అడుగునుండేదంతా పోయినట్టే. పైకి మాత్రం పచ్చగా ఉంటాది. సూసేవాళ్ళు బాగుండాదనుకుంటారు."

"ఊ."

"గేటు దాకా వచ్చేసినానమ్మా. నా ముందర ఒకటే బండి. అప్పుడు మూసేసినారు. మా నాయన నాటిన చెట్లవి. ఈ చేతుల్తోనే కాయలన్నీ తీసకపోయి రోడ్డు పక్క పల్లంలో దింపేసినాను. కార్లలో పొయ్యేవాళ్ళు ఆపి ఫోటోలు తీసుకున్నారు. ఒకామె దిగొచ్చి ఒక కాయ అడిగింది. తీసుకో తల్లీ అన్నాను. బాగుండాదా అనింది. దివ్యంగా ఉండాది అన్నాను."

నందిత ట్యాబు మూసి పక్కన పెట్టింది.

"ఇంటికొస్తే కుప్పమ్మ ఏమైందనింది. ఆమెకూ అదే అన్నాను. ఇంగ నోట్లోంచి వేరే మాట రాలేదమ్మా. ఎంత ఎతికినా రాలేదు."

వెనక సీట్లో కుప్పమ్మ క్యారియరును గట్టిగా పట్టుకుని, కదిలితే మాట ఆగిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చుంది. మునిస్వామి ఇంకా చెప్పాడు. చెట్ల పేర్లు చెప్పాడు, వాళ్ళ నాయన గురించి చెప్పాడు, వరసలో పక్క బండివాడు పంచిచ్చిన మజ్జిగన్నం గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ తల వెనక్కి వాల్చి నిద్రపోయాడు. గురక ట్రాక్టరు ఇంజను కంటే గట్టిగా వచ్చింది. కుప్పమ్మ ఆ గురకను పాట విన్నట్టు విన్నది.

ట్రాక్టర్లు జరగకపోవడంతో కృష్ణస్వామిగారు తిరిగి వచ్చారు. "ఇంతసేపు వేస్ట్. ఈలోగా సెషన్ ఏమైనా జరిగిందా?"

"లేదు సార్," అంది నందిత. "సిగ్నల్ లేదు."

మర్నాడు బంగారుపాళ్యంలో సభ. బుగ్గన నల్లచుక్కలతో, చేతుల్లో పులిహోర పొట్లాలతో జనం. వేదిక కింద పేర్చిన గుమ్మడికాయలు. ముందు వరసలో కుప్పమ్మ, నందిత, ఫోనుతో మోహన. మంత్రిగారు నవ్వుతూ దిగారు. ఫోను చూసుకుని, ఇంకా నవ్వారు. కృష్ణస్వామిగారు మండలం నూటికి నూరు పాళ్ళూ ఆకుపచ్చబడిందని ప్రకటించి, మునిస్వామిని మైకు ముందుకు తెచ్చారు.

"ఏం మునిస్వామీ, ఎట్లుండావు?" అని మంత్రిగారు భుజం మీద చెయ్యి వేశారు. కెమెరాలు లేచాయి.

మునిస్వామి మైకు వైపు చూశాడు. వేదిక వెనక కట్టిన తన ఫ్లెక్సీ వైపు చూశాడు. కుప్పమ్మ వైపు చూశాడు.

"ఏదో అట్లా ఉండాను సార్."

కృష్ణస్వామిగారు "అంటే దివ్యంగా..." అని అందించబోయారు.

"ఏం దివ్యం సార్? మీ పులిహోరలో ఉప్పు లేదు. ఆ జీపు సీటుకు మేకుండాది, దినామూ పొడస్తా ఉండాది. ఆ బొమ్మలో నా మీసం ఎవుర్నడిగి గొరిగినారు? ఈ మైకు గుయ్యిమంటా ఉండాది. గుమ్మడికాయకేమో జీపుండాది, మామిడికాయకు గేటు తీసేదానికి మనిషి లేడు. నా కాయలు పోయినాయి సార్. ఏడాదిగా ఏడవల్లనుంటే వరసగా దివ్యం దివ్యం అనిపిస్తా ఉండారు."

కుప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. "తిడతా ఉండాడమ్మా," అని నందిత చెయ్యి పట్టుకుని ఊపింది. "మా ఇంటాయన తిడతా ఉండాడు." వెనక నుంచి భారతమ్మ బుగ్గ మీది చుక్క తుడిచేసుకుంటూ, "అంతేనప్పా, మేమూ ఏదో ఉండాము," అంది. తుడుచుకోవడం వరసగా వెనకదాకా పాకింది.

మంత్రిగారు ఎంతటివారంటే, నవ్వు ఒక్క వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఒక విలేకరి లేచి, "శాఖ మారుస్తున్నారని వార్త వచ్చింది. ఎలా ఉన్నారు సార్?" అని అడిగాడు. ఆయన చేతిలో ఫోను మోగింది. చూశారు. మోగుతుండగానే జేబులో పెట్టుకున్నారు.

"నాకేమప్పా," అన్నారు. "దివ్యంగా ఉండాను."

కృష్ణస్వామిగారి కనుసన్న అందుకుని మోహన ఆకుపచ్చ మీట నొక్కింది. ప్రభుత్వ పులిహోర మీద వచ్చిన అపవాదును అక్కడికక్కడే తుడిచేయాలని మంత్రిగారు ఒక పొట్లం తెప్పించి, నిలబడే విప్పి, కెమెరాల ముందు మెతుకు మిగల్చకుండా తిన్నారు. "ఉప్పు సరిపోయిందే. దివ్యంగా ఉండాది," అన్నారు. అని, ఎటో హైవే వైపు చూస్తూ నవ్వుతూ నిలబడ్డారు.

కుప్పమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం మధ్యలో ఆపేసింది. వేదిక మీది నవ్వును కాసేపు తేరిపార చూసింది. తర్వాత నందిత చెవి దగ్గరకు వంగింది.

"అమ్మా, ఈయప్పకు ఇంట్లో మనుషులెవురన్నా ఉండారా?"